అంగడి గుత్త మా మీద పడ్డ ఏడాది

మా ఇంట్ల "పేరుకు" అనే మాట ఎవ్వరు పలుకరు. పెండ్లి చెప్పనీకె వచ్చినోళ్ళు "ఏం లేదు, పేరుకు ఒక్క పూట కనబడి పోండ్రి" అన్నరంటే మా ఆయన ముఖం చిన్నగైతది. కూసున్న కాడికెల్లి లేచి కొట్టంలకు పోతడు. బర్రె ముందట గడ్డి ఉన్నా మళ్ళ ఇంత ఏస్తడు. వచ్చినోళ్ళు నా దిక్కు చూస్తరు. "ఏదో పని గుర్తొచ్చినట్టుంది" అని నేను చాయ్ పోస్త. ఆయన లేచింది పని కోసం కాదు, సిగ్గుతోని. ఆ సిగ్గు ఏందో ఇన్నేండ్లకు చెప్తున్న.

మా అత్తగారి ఊరు బోధన్ నుంచి వర్ని పోయే బాట మీద ఉంటది. నేను కోడలై వచ్చిననాడు బాటకు రెండు దిక్కుల చెరుకే. చక్కెర ఫ్యాక్టరీ నడిచే నెలలల్ల బండ్ల ఎడ్ల మువ్వలు ఇంటుంటనే పండుకునేది, ఇంటుంటనే లేచేది. మంగళారం మంగళారం ఊరవతల మైదానంల అంగడి కూడుతుండె. కూరగాయలోళ్ళు, గాజులోళ్ళు, మేకలోళ్ళు, దెగ్లూరు దిక్కునుంచి మరాఠీల మాట్లాడుకుంట వచ్చే గొంగళ్ళోళ్ళు, అందరు ఆడనే.

ఆ జాగ గ్రామ పంచాయతిది. అండ్ల కూసున్నోళ్ళు తట్టకింత, బండికింత, మేకకింత అని కట్టాలె. ఆ పైసలు పంచాయతోళ్ళు సొంతంగ వసూలు చెయ్యకపోదురు. ఏడాదికొకసారి హర్రాజు పెడుదురు. ఎవరు ఎక్కువ పాడితే ఏడాది దాక అంగడి గుత్త వాళ్ళది. పాడిన పైకం పంచాయతికి కట్టాలె, అంగట్ల వసూలైంది తాను ఉంచుకోవాలె. మిగిలితే ఆయన నసీబు, మిగలకపోతే అది గూడ ఆయన నసీబే.

సమితి ఆఫీసు వచ్చినంక ఒక కానూను పెట్టిండ్రు. ముగ్గురన్న పాడకపోతే అది హర్రాజు గాదు, ఆఫీసరు దస్కతు పెట్టడు. కానూను మంచిదే. ఒక్కడే పాడుకుని అగ్గువకు కొట్టేయొద్దని పెట్టిండ్రు. అయితే మా ఊర్ల ఒకని పాట మీద ఇంకొకడు పాడుడంటే లడాయి పెట్టుకున్నట్టే. "ఆయన బతుకుదెరువుల మట్టి పొయ్యనీకె వచ్చిండు" అని ఏండ్ల దాక అందురు. మరి ముగ్గురు యాడికెల్లి రావాలె?

దానికి మా ఊరోళ్ళు ఒక తరీకా పెట్టుకున్నరు. అంగడి గుత్త ఎప్పుడు ఒక్కాయనకే పోతుండె. బెల్లం దుకాణం ఆయన. అందరు గుత్తాయన అనే పిలుద్దురు, నేను గూడ అట్లనే అంట. ధోతి మీద మరక పడనియ్యడు, గొంతు లేపడు, ఆడోళ్ళను అక్కా అనకుంట పలుకరియ్యడు. హర్రాజుకు ముందురోజు పొద్దుగూకంగ ఇంత బెల్లం కట్టుకుని ఇద్దరి ఇండ్లకు పోతుండె. "అన్నా, రేపు పేరుకు ఒక పాట పాడుండ్రి" అంటుండె. మొదలు ఒకరు పాడుతరు, ఆయన మీద ఇంకొకరు పాడుతరు, ఆ మీద గుత్తాయన పాడుతడు. ఆఫీసరు ముగ్గురి పేర్లు రాసుకుంటడు. అందరు మిర్చి బజ్జీలు తిని, చాయ్ తాగి ఇండ్లకు పోతరు. పైసలు తీసుకునుడు లేదు, ఇచ్చుడు లేదు. ఎవరి ఇంటికి బెల్లం పోతే వాళ్ళు ఊర్ల మర్యాదస్తులన్నట్టు.

మా మామ ఏటేట పాడుతుండె. ఆ రోజు పొద్దుగాల్నే తానం చేసి, తెల్ల రుమాలు సుట్టుకుని, పంచాయతి కచ్చీరు ముందట కుర్చీల కూసునేటోడు. "నా గొంతు లేనిదే అంగడి కూడది" అని మా అత్తతోని హాస్యమాడేది. మా అత్త "ఔ, నువ్వు అరవకపోతే మేకలు తొవ్వ తప్పుతయి" అనేది.

ఆ ఏడు మామకు మోకాలు వాచి లేవరాకుంటైంది. గుత్తాయన బెల్లం పట్టుకుని వచ్చి మంచం పక్కపొంటి కూసున్నడు.

"నీ కొడుకును పంపు అన్నా. పడుచోడు, గొంతు మంచిగుంటది."

మామ మా ఆయనను పిలిచి చెప్పిండు. "మొదలు క్యాంపు రైతు పాడుతడు. ఆయన మీద యాభై కలిపి నువ్వు పాడు. నీ ఎనుక ఈయన పాడుతడు. గంతే. కూసునేటప్పుడు కాలు మీద కాలు ఎయ్యకు, ఆఫీసరు ఉంటడు."

మా ఆయన తలకాయ ఊపిండు. తెల్లారి మామ రుమాలే సుట్టుకున్నడు. నేనే అద్దం పట్టిన. ఎంత సంబురపడ్డమో చెప్పుకుంటే ఇప్పుడు ఒళ్ళు సచ్చిపోతది.

మా కొట్టం గోడకు అవతలి దిక్కే కచ్చీరు. నేను పెండ తీసుకుంట అంతా ఇన్న. డప్పు కొట్టిండ్రు. ఆఫీసరు కాయిదం చదివిండు, అది ఎవ్వలకు సమజ్ కాలేదు. ఎనుక క్యాంపు రైతు పాడిండు. ఆయన గుంటూరు దిక్కునుంచి వచ్చి కాలువ కింద భూమి కొనుక్కున్నాయన, అట్లొచ్చినోళ్ళు ఉండే జాగనే క్యాంపు అంటరు. పోయినేటి పైకం మీద ఇంత కలిపి చెప్పి, "అంతేనా అండీ, ఇక నే కూర్చోవచ్చా?" అని అడిగిండు. నలుగురు నవ్విండ్రు.

"ఇంకో యాభై!" అన్నడు మా ఆయన. బడిపిలగాడు పాఠం అప్పజెప్పినట్టు అన్నడు. నాకు గోడ ఇవతల నవ్వొచ్చింది.

ఎనుక గుత్తాయన పాట రావాలె. రాలే.

"ఒకటోసారి" అన్నడు ఆఫీసరు. డప్పు మీద ఒక దెబ్బ పడ్డది.

సర్పంచి గొంతు ఇనబడ్డది. "ఏమయ్యా గుత్తాయనా, నోట్ల పాన్ ఉన్నదా ఏంది? పాడు."

"పాడెటోళ్ళు పాడిండ్రు గదా పటేలా" అన్నడు గుత్తాయన, ఎప్పటి లెక్కనే మెల్లగ. "పడుచోడు ఉషారు మీదున్నడు. ఎన్నేండ్లు నేనే తినాలె? ఆయన్ని గూడ తిననీ."

ఎవడో కిసుక్కున నవ్విండు. నా చేతుల పెండ చేతులనే ఉన్నది.

"రెండోసారి."

మా ఆయన దగ్గిండు. ఆ దగ్గుడు నాకు తెలుసు. మా పెండ్లి చూపుల్ల గూడ అట్లనే దగ్గిండు, ఏం మాట్లాడాల్నో తెల్వక.

"మూడోసారి." డప్పు మీద మూడు దెబ్బలు పడ్డయి.

అంగడి గుత్త మా ఇంటిది అయిపోయింది.

క్యాంపు రైతు మా ఆయన దగ్గరికి వచ్చి చెవుల చెప్పబోయిండు గని ఆయన చెవుల చెప్తే ఊరంతా ఇనబడేది. "ఇదేంటి బాబూ, ఆయన పాడాలి గదా! మీరు ఆఫీసరుగారితో ఉన్నమాట చెప్పెయ్యండి. ఊరికే మర్యాద కోసం పాడానని చెప్పండి. నిజం చెబితే పోయేదేముంది?"

ఏం పోతదో ఆయనకు తెల్వది. మా ఆయనకు తెలుసు. "నేను పేరుకు పాడిన" అని అక్కడ ఒక్క మాట అంటే, అన్నేండ్లు మామ పాడింది గూడ పేరుకే అని ఆఫీసరు ముందట చెప్పినట్టైతది. తెల్ల రుమాలు, కుర్చీ, బెల్లం, అన్ని దొంగ హర్రాజుకు కట్టిన వేషమని చెప్పినట్టైతది. బాపు పరువు తీసుడా, గుత్త నెత్తిన పెట్టుకునుడా? ఆయన వంగి దస్కతు పెట్టిండు. గుత్తాయన వచ్చి భుజం మీద చెయ్యేసి, "ముబారక్ బిడ్డా. బజ్జీలు ఇయ్యాల నీ తరఫున" అన్నడంట.

ఆ మాట మా ఆయన నాకు చెప్పలే. డప్పు కొట్టే తాత చెప్పిండు.

గుత్తాయన ఎందుకు నోరు మూసుకున్నడో వారం తిరగక ముందే తెలిసింది. క్యాంపు పక్కన, ఫ్యాక్టరీకి పోయే బాట మీద కొత్త అంగడి పెడుతున్నరని చాటింపు వచ్చింది. అదే మంగళారం. ఆ గుత్త ఆయనే పాడుకున్నడు. మా అంగడి ఎండిపోతదని ముందే తెలిసి, దాన్ని ఎవరి నెత్తిన రుద్దుదామా అని చూసిండు. మా ఇల్లు దొరికింది.

ఇంట్ల మామ గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. "మనమే పోయి అడుగుదమా బాపూ" అని మా ఆయన అంటే, "ఏమని అడుగుతవ్?" అన్నడు. అంతే. పంచాయతికి ముందుగాల బయానా కట్టనీకె ఈనబోయే పెయ్యను అమ్మిండ్రు. మా అత్త దాని పలుపు తీసుకొచ్చి గూట్ల పెట్టింది. ఎవ్వలను తిట్టలే. తిడితే నయముండు.

ఇప్పుడు మా అవ్వ సంగతి చెప్పాలె. నన్ను కన్న అవ్వ. మా తల్లిగారి ఊరు వాగు దాటితే వస్తది. మా బాపు పోయినంక అవ్వ ఇంత ఎల్లిగడ్డ, ఇంత ఎండుమిరపకాయ, ఇన్ని పసుపుకొమ్ములు గంపల పెట్టుకుని మంగళారం మా ఊరి అంగడికే వచ్చేది. అంగట్ల బాయి గిరక పక్కన ఆమె జాగ. నా సంబంధం గూడ ఆడనే కుదిరింది. మా అత్త ఎల్లిగడ్డ బేరం చేసుకుంట నన్ను చూసి, "ఈ పిల్ల నీదేనా? తూకంల చెయ్యి గుంజదు, మంచిదున్నది" అన్నదంట. నేను కోడలై వచ్చినంక మంగళారం వచ్చిందంటే నాకు పండుగే. అమ్మకం అయినంక అవ్వ మా ఇంటికొచ్చి, కొట్టం అరుగు మీద కాళ్ళు చాపుకుని కూసుని, నేను పెట్టింది తిని, నా తల దువ్వి పోయేది.

మా దిక్కు అత్త అల్లుని ముందటికి రాదు. ఎదురుపడితే కొంగు ముఖం మీదికి గుంజుకుంటది. ఏదన్న చెప్పాల్నంటే పక్కోళ్ళతోని చెప్పిస్తది. అల్లుడు గూడ అట్లనే, అత్త కూసున్న దిక్కు చూడడు. అది మర్యాద. అట్ల మర్యాద పాటించుకునే ఇద్దరిని ఆ గుత్త తెచ్చి ఎదురెదురు నిలబెట్టింది.

మొదటి మంగళారం మా ఆయన చిట్టీల పుస్తకం పట్టుకుని అంగడికి పోయిండు. పైసలు అడుగుడు ఆయనతోని అయ్యే పని గాదు. ఎవలన్న బాకీ ఉన్నా ఇంటి ముందటికెల్లి తల వంచుకుని పోయే మనిషి. తట్ట ముందట నిలబడి దగ్గుతుండె. కొత్తిమీర అమ్మే ముసలామె ఆయన చేతుల ఇంత కొత్తిమీర పెట్టి, "తీస్కపో బిడ్డా, మీ ఆడామె చారుల ఏస్తది" అన్నది. కొన్న అనుకుని పైసలిచ్చి వచ్చిండు! గాజుల ఆమె ఊకుంటదా? "ఓ గుత్తేదారూ, నా దగ్గర గూడ కొను, మస్తు వసూలైతది" అని అంగడంత ఇనబడేటట్టు అన్నది.

ఎట్లనో సిగ్గు సంపుకుని ఒక వరుస వసూలు చేసిండు. రెండో వరుసల మా అవ్వ. ఆయన దూరం నుంచే చూసిండు. అవ్వ కొంగు గుంజుకుని గంప దిక్కు తిరిగింది. మా ఆయన ఆమెను దాటేసి పక్క తట్ట ముందట నిలబడి చిట్టీ చింపిండు.

పక్క తట్ట ఆమె చెయ్యి చాపలే. "అత్తకు మాఫీనా అయ్యా?" అన్నది. "మాకూ అల్లుండ్లున్నరు. వాళ్ళను గుత్త పాడుమంట, ఆగు."

ఆ వరుసల ఎవ్వలు కట్టలే. మేకలోళ్ళు గూడ అది చూసి నవ్వుకుంట పోయిండ్రు.

ఆ పొద్దు అవ్వ మా ఇంటికి వచ్చింది గని పెట్టిన అన్నం అట్లనే ఉంచింది. మా అత్త నన్ను పొయ్యి కాడికి పిలిచింది. మంచిదే మా అత్త, కడుపు మండి ఉన్నది అంతే. "మీ అవ్వతోని చెప్పు. కట్టన్న కట్టుమను, లేకుంటే వేరే అంగడికన్న పొమ్మను. మన ఇల్లు మునుగుతున్నది పిల్లా."

నేను అవ్వ దగ్గరికి పోయి కూసున్న. ఏమని చెప్పాలె? నన్ను పెంచింది ఆ గంప. అవ్వ నా ముఖం చూసి, నా చేతిల దువ్వెన తీసుకుని తల దువ్వింది. జడ అల్లుకుంట, "నాకు ఇనబడ్డది బిడ్డా" అన్నది. "పొయ్యి దూరమేం లేదు గదా."

మళ్ళ మంగళారం నేను అంగడికి పోయిన. ఉప్పు కావాలని వంక పెట్టుకున్న. అవ్వ అందరికంటె ముందు వచ్చి కూసున్నది. గంప విప్పలే. మా ఆయన చిట్టీల పుస్తకం పట్టుకుని అంగడి కొనకు కనబడంగనే, పక్క తట్ట ఆమెతోని, పోయిన వారం మాటన్న ఆమెతోనే, గొంతెత్తి అన్నది.

"అక్కా, ఆ గుత్తేదారును ఇటు పిలువు. మొదటి చిట్టీ నాకు చింపుమను. నా గంప విప్పాలె, పొద్దెక్కుతున్నది."

అంగడంత ఇటు తిరిగింది. మా ఆయన వచ్చి నిలబడ్డడు. అవ్వ ముఖం మీద కొంగు తియ్యలే. చేతికి చెయ్యి తగలొద్దని పైసలు ఒక తమలపాకు మీద పెట్టి నేల మీద జరిపింది. మా ఆయన చిట్టీ చింపనీకె చూస్తే అది అడ్డంగ చినిగింది. మళ్ళొకటి చింపిండు. వంగి ఆకు మీద పెట్టి పైసలు తీసుకున్నడు. ఆ వంగుడు అత్తకు దండం పెట్టినట్టుండె. ఆయన చెవులు ఎర్రగైనయి. నేను ఉప్పు తట్ట ఎనుక నిలబడి చూసిన. భూమి నోరు తెరిస్తే అండ్ల పోదును.

పక్కామె కిక్కురుమనకుంట కట్టింది. ఆ వరుస కట్టింది, ఎనుక వరుస కట్టింది. మేకలోళ్ళు కట్టిండ్రు. ఆ దినం నుంచి మా ఆయనను అంగట్ల ఎవ్వలు ఎదురనలే.

ఆయన ఇంటికొచ్చి అన్నం ముందట కూసుని లేచిపోయిండు. మా అత్త ఏమైందని అడిగింది. నేను చెప్పిన. మా అత్త పైట నోట్ల పెట్టుకున్నది. వేరే అంగడికి పొమ్మను అన్న మాట ఆమెది గదా.

నేను అవ్వకోసం అన్నం ఎత్తిపెట్టి గుమ్మంల నిలబడ్డ. పొద్దు వాలినంక అవ్వ గంప నెత్తినెత్తుకుని మా ఇంటి ముందటికెల్లే వచ్చింది. ఆగలే.

"అవ్వా, తిని పో."

"వద్దు బిడ్డా."

"నీళ్ళన్న తాగు."

ఆమె బాట మీదనే నిలబడి, గంప దించకుంట చెప్పింది. "గుత్త మీ ఇంట్ల ఉన్నన్ని దినాలు మంగళారం నాడు నేను అంగడి మనిషిని. అక్కడ పైసలు కట్టి ఇక్కడ అన్నం తింటే ఏమంటరు? కట్టినట్టే కట్టి లోపలికి పోయి తీసుకున్నది అంటరు. ఆయన మాట మళ్ళ పోతది. ఏడాదే గదా. నువ్వే మన ఊరికి వస్తుండు."

చెంబు నా చేతులనే ఉన్నది. అవ్వ వాగు దిక్కు పోయింది. ఎండకాలం, గొంతు ఎండిపోయి ఉంటది. వాగుల చెలిమె దాక పోయి తాగాలె.

ఏడాదే గదా అన్నది గని, ఏడాదంటే ఎన్ని మంగళారాలో ఆ గుమ్మానికే తెలుసు. నేను ప్రతిసారి చెంబు పట్టుకుని నిలబడేది. ఆమె ప్రతిసారి "మంచిగున్నవా బిడ్డా" అని నడుసుకుంటనే అడిగి పోయేది. పక్కింటోళ్ళు చూసి, "తల్లీబిడ్డలకు చెడ్డదా ఏంది?" అని గుసగుసలు పెట్టిండ్రు. 

కొత్త అంగడి పుంజుకున్నది. గాజుల ఆమె అటు పోయింది. మేకలోళ్ళు అటు పోయిండ్రు. ఫ్యాక్టరీ కూలోళ్ళకు అది దగ్గర, క్యాంపోళ్ళకు అది దగ్గర. మా అంగట్ల వరుసలు పల్చగైనయి. పక్క తట్ట ఆమె గూడ పోయింది. పోయేముందు మా ఇంటికొచ్చి నాతోని అన్నది. "నీ తల్లికి చెప్పరాదు పిల్లా? గంప నిండుగ తెచ్చి నిండుగ తీసుకపోతున్నది. కొనెటోడే లేడు. నాతోని రమ్మంటే, 'నేను లేస్తే మిగిలినోళ్ళు గూడ లేస్తరు' అంటది. ఆ అల్లుని కోసం ఎల్లిగడ్డ ఎండబెట్టుకుంటున్నది."

ఆ మాట మా ఆయనకు చెప్పాల్నా వద్దా అని నేను తన్నుకులాడుతుంటే, ఆయనే అన్నడు. "మీ అవ్వ జాగ ఒక్కటే ఉన్నది బాయి కాడ. ఆమె దగ్గర చిట్టీ చింపుడు నాతోని అయితలేదు. చింపకుంట పోతే ఊకోదు. ఆకు మీద పైసలు పెట్టి కూసునే ఉంటది." అని చెప్పి చాప మీద వాలిపోయిండు. మొగోడు ఏడుస్తుంటే ఆడది ఏం చెయ్యాల్నో నాకు అప్పటిదాక తెల్వది. దీపం ఒత్తి తగ్గించి అటు తిరిగిన.

చెరుకు అమ్మిన పైకం పంచాయతికి పోయింది. అది పోతే పోయింది, మళ్ళ చెరుకు పెరుగుతది. నేను చెప్పుకునేది దాని గురించి గాదు.

మళ్ళ హర్రాజు దినాలు వచ్చినయి. పొద్దుగూకంగ గుత్తాయన బెల్లం కట్టుకుని రానే వచ్చిండు. మా అంగడి ఎండిపోయింది గనక ఈసారి అగ్గువకు వస్తది, రెండంగళ్ళు ఆయన చేతుల్నే ఉంటయి. లోపలికొచ్చి కూసుని, ఏం జరగనట్టే, "అన్నా, రేపు పేరుకు ఒక పాట..." అన్నడు.

మా ఆయన కొట్టంలకెల్లి వచ్చి నిలబడ్డడు. నోరు తెరిచేలోపు మంచం మీదికెల్లి మామ లేచి కూసున్నడు. ఏడాది నుంచి ఆ మనిషి నిండుగ మాట్లాడింది లేదు, నవ్వింది లేదు.

"నీ బెల్లం తీసుకో" అన్నడు మామ.

"ఏందన్నా, పోయినేడు ఏదో..."

"పోయినేడుది గాదు. అన్నేండ్లది. నేను పాడిన పాటలు అన్ని ఒట్టియే. అవి పాడి కుర్చీల కూసున్న. నా కొడుకు ఆ కుర్చీకి బలైండు, అటు ఒక ఆడమనిషి ఎండల బలైంది." మామ బెల్లం మూటను అవతలికి నూకిండు. "మా ఇంట్ల పేరుకు పాడెటోళ్ళు లేరు ఇగ. పో."

గుత్తాయన ధోతి దులుపుకుని లేచిండు. "సరే అన్నా. క్యాంపు రైతు ఉన్నడు గదా" అన్నడు. క్యాంపు రైతు ఇంటికి మా ఆయన అప్పటికే పోయి వచ్చిండు. "అయ్యో, ఆయనొస్తే మజ్జిగిచ్చి పంపిస్తానండీ, పాట మాత్రం పాడను" అన్నడంట ఆ మహానుభావుడు.

తెల్లారి కచ్చీరు ముందట గుత్తాయన ఒక్కడే పాడిండు. ఆఫీసరు ఇంకెవరన్న ఉన్నరా అని అడిగిండు. సర్పంచి నేల చూపులు చూసిండు. ముగ్గురు లేరు, దస్కతు పెట్టనని ఆఫీసరు కాయిదాలు కట్టుకుని పోయిండు. మళ్ళ చుట్టు ఊర్లల్ల చాటింపు చేసినంక దెగ్లూరు దిక్కు మేకల బేపారి ఒకాయన, బోధన్ నుంచి ఇంకొకాయన వచ్చిండ్రు. గుత్తాయనతోని కలిపి ముగ్గురు నిజంగ పాడిండ్రు, ఒకని మీద ఒకడు. మా ఊరోళ్ళు కోళ్ళ పందెం చూసినట్టు మూగి చూసిండ్రు. గుత్త మేకల బేపారికి పోయింది. ఆయన మేకల అంగడిని మళ్ళ మా ఊరికి తెచ్చిండు.

మా గుత్త తీరిన మొదటి మంగళారం నేను పొద్దుగాల నుంచే గుమ్మంల ఉన్న. పొద్దు వాలింది. అవ్వ గంప నెత్తినెత్తుకుని వచ్చింది. నా చేతిల చెంబు చూసింది. బాట దాటి, గంప దించి, అరుగు మీద కాళ్ళు చాపుకున్నది. చెంబెడు నీళ్ళు గటగట తాగి మళ్ళ పొయ్యమన్నది. మా అత్త లోపలికెల్లి వచ్చి ఆమె పక్కపొంటి కూసున్నది. ఒకరి ముఖం ఒకరు చూసుకోలే. మా అత్త గంపల చెయ్యి పెట్టి, "ఎల్లిగడ్డ ఎట్లిస్తున్నవ్ వదినా?" అన్నది.

"నీకైతే ఎక్కువకే ఇస్త. బేరం చేసి చేసి నా పిల్లను గూడ తీసుకపోయినవు" అన్నది అవ్వ. ఇద్దరు నవ్విండ్రు. నవ్వుకుంటనే ఇద్దరు కండ్లు తుడుసుకున్నరు.

మా ఆయన అప్పుడే చేను నుంచి వస్తుండె. వాకిట్ల అవ్వ చెప్పులు చూసిండు. దర్వాజ దాక వచ్చిన మనిషి ఎనుకకు మర్రిండు. అవ్వ కొంగు గుంజుకుని, నాతోని, ఆయనకు ఇనబడేటట్టు చెప్పింది. "మీ ఆయనను రమ్మను బిడ్డా. ఆకలితోని పోతున్నడు."

ఆయన రాలే. చెరుకుల పడి పోయిండు. అవ్వ పోయినంక పొద్దుగూకినంక వచ్చిండు.

అవ్వ బతికున్నన్నేండ్లు మంగళారం ఇంటికి వచ్చింది, తిన్నది, నా తల దువ్వింది. ఆ అన్నేండ్లు మా ఆయన మంగళారం పగటీలి ఇంట్ల ఉన్నది లేదు. ఊరోళ్ళు, "అత్తంటే ఎంత మర్యాద చూడు, ఎదురువడడు" అని మెచ్చుకునేటోళ్ళు.

ఒక మంగళారం నేనే అడిగిన. ఎండ నిప్పులు చెరుగుతున్నది, ఆయన రుమాలు సుట్టుకుని పార భుజాన పెట్టుకున్నడు.

"యాడికి?"

"చెరుకుకు నీళ్ళు పెట్టొస్త."

"కాలువల నీళ్ళు మన వంతు ఇయ్యాల గాదు గదా. శుక్రారం గదా."

ఆయన పార దించకుంటనే నిలబడ్డడు. బాట దిక్కు చూసిండు. వాగు దిక్కునుంచి అవ్వ గంప కనబడుతున్నది.

"తెలుసు" అన్నడు. "ఆమెను మంచిగ తిననీ" అని గట్టు దిగి పోయిండు.